ముగ్గురికి టేబుల్

లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్లూ, బయట నిలబడ్డవాళ్లూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంతసేపు పడుతుందయ్యా?" ప్యానెల్ తలుపు తీసి చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన మెకానిక్ ఉన్నాడే, వాడు లిఫ్టు కన్నా ఘోరంగా ఇరుక్కుంటాడు. పది నిమిషాలు అన్నాడో, పదకొండో నిమిషం నుంచి పెట్టెలోని జనం వాడి వంశవృక్షాన్ని వేళ్లతో సహా పెకలించడం మొదలుపెడతారు. అందుకని ఆ వృత్తిలోకి దిగినవాడికి స్క్రూడ్రైవరు కన్నా ముందు చేతికిచ్చే పనిముట్టు ఒక మాట: "చూద్దాం."

మన మెకానిక్ ఆ పనిముట్టును పాతికేళ్లు ఎంత శ్రద్ధగా వాడాడంటే, చివరికి అదే అతని పేరైపోయింది. ఏ అపార్ట్‌మెంటుకి వెళ్లినా వాచ్‌మన్ లోపలికి కేకేసేవాడు, "సార్, చూద్దాం గారొచ్చారు!" అని. పాతికేళ్లుగా అందర్నీ పైకి తెచ్చినవాడు, తాను మాత్రం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక గది, ఒక వంటగదితో సరిపెట్టుకున్నాడు. ఎత్తుపల్లాలు చూసిన మనిషి అని ఎవరినైనా అనవలసి వస్తే ముందు ఇతన్నే అనాలి, రోజుకు ఇరవైసార్లు చూస్తాడు కాబట్టి.

అంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా, సాయంత్రం పనిముట్ల సంచితో పాటు ఆ మాటను కూడా ఇంటికి తెచ్చుకోవడం దగ్గరే.

ఇంట్లో భార్య. ఆవిడది పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం. బుగ్గ బూరెలా వాచి, కళ్లలో నీళ్లు కారుతున్నవాడి మొహంలోకి చూసి కూడా "మంగళవారం పదకొండుంబావు, ముందు ఒక పావుగంట వచ్చి కూర్చోండి" అని చెప్పగల గుండెదిటవు ఆవిడ సొంతం. కాలాన్ని పావుగంట ముక్కలుగా కోసి జనానికి పంచిపెట్టే మనిషి ఒకవైపు, తాడు తెగినప్పుడు చూసుకోవచ్చులే అనే మనిషి ఇంకోవైపు. ఇలాంటి ఇద్దరిని ఒక ఇంట్లో పెడితే ఆ ఇల్లు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతుంది. ఆగింది.

రైలు టికెట్లు తీశావా అంటే చూద్దాం. బాత్రూము కొళాయి పక్కన నిలబడి రాత్రంతా ప్రయాణం. సినిమా టికెట్లు? చూద్దాం. మొదటి వరస, మూడు రోజులు మెడ పట్టేసి కాపడాలు. పెళ్లిరోజున హోటలుకి వెళ్తే బయట గంటన్నర నిలబడి, లోపల తింటున్నవాళ్ల మొహాలు కంఠతా పట్టి ఇంటికొచ్చారు.

మూడేళ్ల కిందట పాపను తీసుకుని థీమ్ పార్కుకి వెళ్లినప్పుడూ అంతే. లోపల తొమ్మిది రెస్టారెంట్లు. తొమ్మిదింటి ముందూ నిలబడ్డారు. తొమ్మిదిచోట్లా "బుకింగ్ ఉందాండీ?" అని ఒకటే ప్రశ్న. ఆఖరికి చిప్స్ పొట్లం ఒకటి కొని ముగ్గురూ పంచుకుని, పడవ ఎక్కారు. ఆ పడవ ఒక కొలను చుట్టూ తిరిగి, 'కొలనుగట్టు' అనే రెస్టారెంటు పక్కనుంచి పోతుంది. పడవలోవాళ్లు చేతులు ఊపుతారు, బల్లల దగ్గరివాళ్లు చెంచాలు ఊపుతారు. ఆవిడ ఊపలేదు. పొగలు కక్కుతున్న ఆ గిన్నెలను చూస్తూ, అతనితో కాదు, నీళ్లతో చెప్పినట్టు అంది:

"వాళ్లు ఈ భోజనాన్ని రెండు నెల్లనుంచి తింటున్నారు తెలుసా?"

అతనికి అప్పుడు అర్థం కాలేదు. ఆకలికి ఏదో మాట్లాడుతోంది అనుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఏడాదికి, ఒక ఆదివారం ఉదయం, ఆవిడ సూట్‌కేసు సర్దుకుని పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. కేకలు లేవు, కన్నీళ్లు లేవు. ఆటో కూడా ముందు రోజే చెప్పి ఉంచుకుంది. 'చూద్దాంలే, సాయంత్రానికి వచ్చేస్తుంది' అనుకున్నాడు మెకానిక్. అలాంటి సాయంత్రాలు ఏడొందలు దాటిపోయాయి.

పాపకు ఇప్పుడు పదేళ్లు. తండ్రి పిలుపు పిచ్చుక. ప్రతి నెలా రెండో శనివారం తండ్రిది. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ అతను ఆ ఒక్క రోజు చుట్టూ తిరుగుతాడు.

*

బుకింగ్ జరిగింది ఒక ఎనిమిదంతస్తుల మేడ డాబా మీద, మోటారు గదిలో. ఉదయం ఆరుకు అయిదు నిమిషాలు తక్కువ. జనం ఆఫీసులకు దిగకముందే లిఫ్టుకు నూనె పెట్టాలి కాబట్టి మెకానిక్కులు కోడికన్నా ముందు లేస్తారు. పైన మన మనిషి, పక్కనే అతని జతగాడు బ్రేకు బాబాయ్. బాబాయ్‌కి ఆ పేరు రెండు కారణాల వల్ల వచ్చింది. ఒకటి, లిఫ్టు బ్రేకుల పనిలో అంతటివాడు లేడు. రెండోది, నోటికి అవి లేవు.

"ఏంటి గురూ, పొద్దున్నే ఫోన్లో మొహం దూర్చేశావు? అందులో ఎవరైనా ఇరుక్కున్నారా?"

"కొలనుగట్టులో టేబుల్ బుక్ చెయ్యాలి బాబాయ్. ఆరింటికి తెరుస్తారు. సరిగ్గా అరవై రోజుల ముందు."

బాబాయ్ చేతిలోని గ్రీజు డబ్బా కింద పెట్టాడు. జీవితంలో పెద్ద విషయాలు వచ్చినప్పుడే దాన్ని కింద పెడతాడు.

"అరవై రోజుల తర్వాత నీకు ఆకలేస్తుందని ఇప్పుడే కబురొచ్చిందా? నాకు ఇవాళ మధ్యాహ్నం ఆకలేస్తుందో లేదో నాకే తెలీదు."

"ఆ సంగతి మీ ఆవిడకి తెలుసు. క్యారేజీ నాలుగు గిన్నెలది ఇచ్చింది."

"అది వేరు. అయినా బుక్కెడు తిండికి బుకింగేంటయ్యా! పుట్టి బుద్ధెరిగి ఒక్క బుక్కు తిరగెయ్యనోడివి." బాబాయ్ తన జోకుకు తానే నవ్వుకుని, వెంటనే సీరియస్ అయ్యాడు. "విను. మా వియ్యంకుడు ఇలాగే ముందే బుక్ చేసి చచ్చాడు. ఒంటిగంటకి టేబులు. పన్నెండూ నలభైకి జెయింట్ వీలు మీద పైన ఉన్నాడు. దించండి, దించండి, నా టేబులు పోతోందని పైనుంచి ఒకటే కేకలు. అక్కడికెళ్లేది ఆడుకోడానికా, గడియారం చూసుకోడానికా? ఆకలేసినచోట ఆగి తినాలి. అదీ పద్ధతి."

"అలా వెళ్లే కదా బాబాయ్, చిప్స్ పొట్లంతో తిరిగొచ్చాం."

బాబాయ్ గ్రీజు డబ్బా మళ్లీ అందుకున్నాడు. ఆ కథ అతనికి తెలుసు. 

సరిగ్గా అప్పుడే లిఫ్టు గోతిలోంచి ఒక కంఠం పైకి వచ్చింది. ఏడో అంతస్తు మాస్టారు. ఉదయం నడకకు దిగుదామంటే లిఫ్టు లేదు.

"ఏమయ్యా చూద్దాం! ఎంతసేపు?"

మెకానిక్ ఫోనులోంచి తలెత్తకుండా గోతిలోకి అరిచాడు: "ఆరు గంటల రెండు నిమిషాలకి సార్!"

తర్వాత మాస్టారి గొంతు, కాస్త కంగారుగా: "ఒంట్లో బాగానే ఉందా నాయనా?"

ఆరైంది. తెర తెరుచుకుంది. తేదీ నొక్కాడు. సమయం ఒంటిగంట పదిహేను. 'ఎంతమంది?' అని ఒక గడి. అందులో ముందే 'ఇద్దరు' అని ఉంది. పక్కన ఒక కూడిక గుర్తు. గ్రీజు అంటిన వేలు ఆ గుర్తు మీద ఒక్క క్షణం ఆగింది. మోటారుకున్న పెద్ద చక్రం ఒక్కొక్కసారి బ్రేకు వదలగానే కదలకుండా, కదలాలా వద్దా అని ఆలోచించినట్టు ఆగుతుంది చూడండి, అలా. తర్వాత నొక్కేసింది.

ముగ్గురు.

"మీ టేబుల్ ఖరారైంది" అని వచ్చింది. వెనకనుంచి బాబాయ్ మెడ సాచి చూశాడు.

"ముగ్గురా? నువ్వూ, పిచ్చుకా..." అని వేళ్లు మడవబోయి, మూడో వేలు దగ్గర ఆపేశాడు. "పిచ్చుక వాళ్లమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"ఎప్పుడు చెప్తావు?"

"చూద్దాం," అన్నాడు మెకానిక్, బ్రేకు వదుల్తూ.

*

ఆ అరవై రోజులూ అతను ఎలా బతికాడో చెబితే మీరు నమ్మరు. టీ తాగుతూ ఫోను తీసి చూసుకునేవాడు: ముగ్గురు, ఒంటిగంట పదిహేను, కొలను వైపు. ఎవరు ఎటు కూర్చోవాలో, లిఫ్టు అడుగున పనిచేసే గుంతల్లో పడుకుని ఆలోచించేవాడు. ఆవిడ నీళ్లవైపు, పిచ్చుక మధ్యలో, తాను ఇద్దరూ కనిపించేలా ఇటు. కాదు, పిచ్చుక నీళ్లవైపు, లేకపోతే మెడ తిప్పుకుంటూ తినడం మానేస్తుంది. రోజుకో రకంగా కూర్చోబెట్టాడు ముగ్గుర్నీ. సూపు ముందు వచ్చేది. ఆవిడ ఉప్పు తక్కువైందనేది. తాను తన గిన్నె ఇచ్చేవాడు. ఆవిడ అప్పుడు, మూడేళ్ల కిందట, నీళ్లతో చెప్పిన మాట అతనికి ఇప్పుడు అర్థమైంది. తాను కూడా తింటున్నాడు. రోజూ. కడుపు నిండకుండా, వదలబుద్ధి కాకుండా.

పార్కు లోపలికి వెళ్లే టికెట్లు కూడా మూడు కొన్నాడు.

చెప్పాలని ప్రయత్నించలేదని కాదు. ఆదివారాలు ఫోను చేసేవాడు. ఆవిడ ఎత్తి, "పాపకిస్తున్నాను ఉండండి" అనేది. వెళ్లిపోయాక ఆవిడ అతన్ని 'మీరు' అనడం మొదలుపెట్టింది, పేషెంట్లను అన్నట్టు. పదమూడేళ్ల కాపురంలో కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా, పప్పు మాడినా ఒకటే 'నువ్వు'. ఇప్పుడు ఆ 'మీరు' విన్నప్పుడల్లా, తన ఇంటి తలుపు తానే కొట్టి బయట నిలబడ్డట్టుండేది.

ఫోన్లో కాదు, ఎదురుగా చెప్పాలని నలభయ్యో రోజున క్లినిక్‌కే వెళ్లాడు. ఊరికే వెళ్తే బాగుండదని పన్ను నొప్పి అని చెప్పాడు. ఆవిడ కంప్యూటర్లోకి చూసి, "అదృష్టవంతులు, నాలుగూ ముప్పావు వాళ్లు రాలేదు. వెళ్లండి" అంది. చెప్పేలోపే లోపలికి పంపేసింది. లోపల డాక్టరు నోరు తెరిపించి చూసి, నొప్పి నిజమో అబద్ధమో తెలీదుగానీ పుచ్చు మాత్రం నిజమని తేల్చాడు. సూది గుచ్చాడు. గుచ్చి, తవ్వి, పూడ్చాడు.

బయటికి వచ్చేసరికి కింది పెదవి ఎక్కడుందో అతనికి తెలియడం లేదు. కౌంటరు దగ్గర నిలబడి, ధైర్యం కూడగట్టుకుని, "ఒచ్చే... షెండో శనివాలం... నువ్వు గూడా..." అన్నాడు.

"రెండు గంటలు మాట్లాడకండి," అందావిడ, చీటీ మీద మందు పేరు రాస్తూ. "బుగ్గ కొరుక్కుంటారు. తర్వాతెవరండీ?"

అడగడానికి వెళ్లినవాడు పన్ను పూడ్పించుకుని వచ్చాడు. నోరు తిరిగి వచ్చేసరికి బస్సు ఇంటి దగ్గర ఆగింది.

*

ఆ శనివారం రానే వచ్చింది. పార్కు గేటు ముందు ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. చొక్కా జేబులో మూడు టికెట్లు. ఆవిడ పిచ్చుకను తీసుకుని వచ్చింది. మెడలో క్లినిక్ కార్డు ఉంది. ఇటునుంచి ఇటే డ్యూటీకి.

"నీళ్లసీసా బ్యాగులో ఉంది. తిన్న వెంటనే గిరగిర తిరిగేవి ఎక్కించకండి. ఆరింటికి వస్తాను."

ఇప్పుడు చెప్పాలి. జేబులో చెయ్యి పెట్టాడు. మూడో టికెట్టు వేళ్లకు తగిలింది. నోరు తెరిచాడు. ఇవాళ సూది లేదు, తిమ్మిరి లేదు. అయినా వచ్చిన మాట ఇది:

"పార్కింగ్ దొరికిందా?"

"నేను బస్సులో వచ్చాను," అంది ఆవిడ. అని, పిచ్చుక జుట్టు ఒకసారి సర్ది, వెళ్లిపోయింది.

పిచ్చుక పిచ్చుకలాగే తిరిగింది. రంగుల రాట్నం, ఊగే ఓడ, నీళ్లలోకి జారే దుంగ. పన్నెండున్నరకు దెయ్యాల కొంప ముందు లైన్లో నిలబడ్డారు. లైను పాములా వంకర్లు తిరిగి తిరిగి, వీళ్ల ముందు ఆరుగురే మిగిలారు. తండ్రి గడియారం చూశాడు. ఒంటిగంట అయిదు.

"పిచ్చుకా, పద. టేబుల్ టైమైంది."

"ఇంకా ఆరుగురే నాన్నా!"

"తిని వద్దాం. టేబుల్ పోతుంది."

"ఇప్పుడు వెళ్తే మళ్లీ మొదట్నుంచీ నిలబడాలి. పోతే పోనీ నాన్నా, సమోసాలాంటిది ఏదైనా కొనుక్కుందాం. నాకు ఆకలే లేదు."

"అలా కాదమ్మా. ఇది చాలా రోజుల ముందు బుక్ చేసింది."

పిల్ల మూతి ముడుచుకుని లైన్లోంచి బయటికొచ్చింది. కొలను దారిలో అతనికి బాబాయ్ వియ్యంకుడు గుర్తొచ్చి, జెయింట్ వీలు వైపు చూడకుండా నడిచాడు.

కొలనుగట్టు ముందు ఒక చిన్న బల్ల. బల్ల వెనక పడవ బొమ్మ ఉన్న ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి. తెర మీద వేలితో వెతికి నవ్వింది.

"ఉందండీ. ఒంటిగంట పదిహేను, కొలను వైపు. ముగ్గురు." తలెత్తి చూసింది. "ఇంకొకరు?"

"వస్తున్నారు."

"అందరూ వచ్చాకే కూర్చోబెడతామండీ. ఇక్కడ అదే పద్ధతి. పావుగంట మీకోసం ఆపుతాను. ఆలోపు వచ్చేస్తారుగా?"

"చూ..." అని మింగేశాడు. "వస్తారు," అన్నాడు.

పక్కకు జరిగి నిలబడ్డారు. అక్కణ్నుంచి టేబుల్ కనిపిస్తోంది. నీళ్లను ఆనుకుని, తెల్లని గుడ్డ పరిచి, మూడు గ్లాసులు బోర్లించి. ఒక పడవ అటుగా పోతోంది. ఖాళీ టేబుల్ చూసి కూడా పడవలో ఎవరో చెయ్యి ఊపారు.

"ఎవరొస్తున్నారు నాన్నా? బాబాయ్ తాతా?"

"కాదు."

"మరి?"

అతను నీళ్లవైపు చూశాడు. పిల్ల అతనివైపు చూసింది. పదేళ్ల పిల్లలు చూసే చూపు ఎక్స్‌రే కన్నా చౌక, దానికన్నా లోతు.

"అమ్మా?"

తల ఊపాడు.

"అమ్మ ఇవాళ డ్యూటీ అంది. నువ్వు చెప్పావా రమ్మని?"

"చెప్పలేదు."

"చెప్పలేదా? మరి అమ్మకెలా తెలుస్తుంది నాన్నా?"

కోపంగా అడిగినా బాగుండేది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, చెప్పకుండా తెలిసే దారి పెద్దవాళ్ల దగ్గర ఏదైనా ఉందేమోనని. టేబుల్ బుక్ చెయ్యడానికి అరవై రోజుల ముందు లేచినవాడు, మనిషిని బుక్ చెయ్యడం మర్చిపోయాడు. మర్చిపోవడం కూడా కాదు. అతను ఫోను తీశాడు.

డ్యూటీలో ఆవిడ తన ఫోను సొరుగులో పెట్టేస్తుంది. క్లినిక్ నంబరుకే చెయ్యాలి.

"నమస్కారం. చెప్పండి, అపాయింట్‌మెంటు కావాలా?"

"నేను."

"పాపకేమైంది?"

"ఏం కాలేదు. బాగుంది. పక్కనే ఉంది. నేను... కొలనుగట్టులో టేబుల్ బుక్ చేశాను."

"మంచిది. తినండి."

"ముగ్గురికి."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడు చేశారు?"

"అరవై రోజుల కిందట. పొద్దున్న ఆరింటికి తెరిస్తే, ఆరూ రెండుకి."

"మీరా?"

"నేనే. లోపలికి టికెట్టు కూడా కొన్నాను. జేబులో ఉంది."

"పొద్దున గేటు దగ్గర కూడా జేబులోనే ఉందా?"

"ఉంది."

అవతల ఎవరో ఏదో అడిగారు. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది ఆవిడ. ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. తర్వాత దూరంగా ఆవిడ గొంతు, ఎవరికో నెమ్మదిగా, ఓపిగ్గా చెబుతోంది: గురువారం నాలుగున్నర కుదురుతుందా? పోనీ శుక్రవారం? ఆ ఎవరో శుక్రవారం అన్నారు కాబోలు, "రాశాను, తప్పకుండా రండి" అంది. మెకానిక్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని విన్నాడు. ఎవరి పన్నో, ఎవరి శుక్రవారమో, అతనికి అసూయ వేసింది.

ఆవిడ మళ్లీ లైన్లోకి వచ్చింది. "అరవై రోజులుగా నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వచ్చాను కదా, క్లినిక్‌కి. నోరు తిమ్మిరెక్కింది."

"తిమ్మిరి రెండు గంటలే ఉంటుంది."

బల్ల దగ్గరి అమ్మాయి గోడ గడియారం చూసుకుంది. పిచ్చుక కొలను కటకటాలను పట్టుకుని, వినపడనంత దూరం జరిగినట్టు నటిస్తోంది.

"అడిగితే రానంటావని," అన్నాడు చివరికి. జోకు లేదు, చమత్కారం లేదు. "అడక్కపోతే రోజూ ముగ్గురమే కదా. పొద్దున లేచి చూసుకుంటే ముగ్గురు. గుంతలో పడుకుని తల్చుకుంటే ముగ్గురు. అడిగుంటే ఆ రోజే అయిపోయేది."

అవతల పళ్లు తొలిచే యంత్రం ఒకటి దూరంగా గుయ్యిమంటోంది.

"నేను రాను," అంది ఆవిడ. మెత్తగానే అంది. "డ్యూటీ ఉందని కాదు. డ్యూటీ లేకపోయినా రాను. ముందే అడిగుంటే ముందే ఇది చెప్పేదాన్ని. నువ్వు ఇంక అలా కూర్చుని తల్చుకోకు. వింటున్నావా?"

"వింటున్నాను."

నువ్వు అంది. రెండేళ్ల తర్వాత. ఏ మాటతో తలుపు మూసిందో ఆ మాటలోనే పాత ఇంటి వాసన తగిలింది అతనికి. కాదన్నందుకు ఏడవాలో, నువ్వన్నందుకు నవ్వాలో తెలీక, అక్కడే నిలబడ్డాడు.

"కొలను వైపేనా టేబులు?" అని అడిగింది.

"అవును. పడవలు కనిపిస్తాయి."

"మంచిది దొరికింది." మళ్లీ తనే, "పిల్ల ఆకలితో ఉంటుంది. ఇద్దరూ కూర్చోండి. పేషెంట్లు నిలబడ్డారు, పెట్టేస్తున్నాను."

పెట్టేసింది.

బల్ల దగ్గరి అమ్మాయి ఇబ్బందిగా దగ్గరికొచ్చింది. "సార్, పావుగంట అయిపోయింది. మీవాళ్లు..."

అరవై రోజుల్లో ఒక్కసారి కూడా అనని మాట ఇప్పుడు అతను అనాలి. పుచ్చుపన్ను పీకేటప్పుడు కూడా ఇంత పట్టు పట్టదేమో.

"ఇద్దరమేనమ్మా."

"అయ్యో. ఇద్దరికైతే కొలను వైపు ఇవ్వకూడదండీ, అవి పెద్ద టేబుళ్లు. లోపల గోడవైపు ఒకటి ఖాళీ ఉంది. వెంటనే ఇస్తాను, పర్లేదా?"

"పర్లేదండీ," అంది పిచ్చుక, తండ్రికన్నా ముందు. వచ్చి అతని చూపుడువేలు పట్టుకుంది. "గోడ పక్కనైతే ఫ్యాను గాలొస్తుంది నాన్నా."

గోడవైపు టేబులుకి మూడు కుర్చీలున్నాయి. వీళ్లు రెండింట్లో కూర్చున్నారు. పిచ్చుక మెనూ కార్డు నిటారుగా నిలబెట్టి, దాని వెనక తల దాచుకుని చదివింది. నూడుల్సు చెప్పింది, సూపు చెప్పింది, సూపుతో రొట్టె ఇస్తారా అని అడిగి తెలుసుకుంది. "నీకేం కావాలి నాన్నా?" అంటే, "నువ్వు చెప్పిందే" అన్నాడు. "అలా కాదు, చూసి చెప్పు," అంది. కార్డు తిప్పి అతనికి పెట్టింది. అతను చూశాడు. అక్షరాలు కనిపించాయి, తిండి కనిపించలేదు. చివరికి సూపు మీద వేలు పెట్టాడు.

"దెయ్యాల కొంపకి మళ్లీ వెళ్దామా తిన్నాక?" అన్నాడు.

"లైను పెద్దదైపోయి ఉంటుంది."

"నిలబడదాం. ఎంతసేపైనా."

పిల్ల మొహం విప్పారింది. "దెయ్యాన్ని చూసి నువ్వు అరిస్తే నేను అమ్మకి చెప్పేస్తా," అంది. అని, నాలిక కరుచుకుంది. అతను నవ్వాడు. ఫరవాలేదన్నట్టు రొట్టెముక్క తుంచి ఆమె సూపులో వేశాడు.

పక్క టేబులు దగ్గర ఒక పెద్ద కుటుంబం. పదిమంది దాకా ఉంటారు. ఒకరి మాట ఒకరికి వినపడక అందరూ అరుచుకుంటున్నారు, ఎవరి పళ్లెం ఎవరిదో తెలియడం లేదు. అందులోంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ లేచి, వీళ్ల దగ్గరికి వచ్చాడు. మూడో కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఇది ఖాళీయేనా?"

ఆ కుర్చీ వీపు మీద అప్పటికే ఒక చెయ్యి ఉంది. మెకానిక్‌ది. తాను ఎప్పుడు వేశాడో తనకే తెలీదు. గ్రీజు ఎంత కడిగినా పోని ఆ వేళ్లు చెక్కను పట్టుకునే ఉన్నాయి.

"మా అక్క లెండి," అన్నాడాయన, సంజాయిషీ చెబుతున్నట్టు. "మొన్నంతా రానంటే రానని మొండికేసింది. ఇప్పుడు ఫోను చేసి గేటు దగ్గరున్నానంది. బుక్ చేసింది పదిమందికే. సరిగ్గా ఒక కుర్చీ తక్కువైంది."

"నాన్నా," అంది పిచ్చుక మెల్లిగా.

అతను చెయ్యి తీశాడు. "తీసుకెళ్లండి," అన్నాడు. "ఖాళీయే."

కుర్చీ గాల్లోకి లేచి, తలల మీదుగా దాటి, అటు దిగింది. కాసేపటికి ఒకావిడ ఒగురుస్తూ వచ్చింది. చెమట, చెదిరిన జుట్టు, ఒక చెప్పు చేతిలో ఉంది, దారిలో తెగినట్టుంది. టేబులంతా ఒక్కసారిగా గోల చేసింది. ఒకరు నీళ్లు జరిపారు, ఒకరు తమ పళ్లెంలోంచే తీసి ఆవిడ పళ్లెంలో వేశారు, ఒకరు ఇంతసేపా అని తిట్టారు. ఆవిడ ఆ కుర్చీలో వాలిపోయి, "ముందు తిననివ్వండర్రా, తర్వాత తిడుదురుగాని" అంది.

మెకానిక్ అటే చూస్తున్నాడు. చెంచా చేతిలోనే ఉంది.

"నాన్నా, సూపు చల్లారిపోతోంది," అంది పిచ్చుక.

"ఆఁ, తింటున్నా," అన్నాడు, అటునుంచి చూపు తిప్పకుండానే.